దింపుడు కళ్ళానికి ముందు

(ఒక డబ్బింగ్ కళాకారిణి సంస్మరణగా ఫిల్మ్ నగర్‌లో చేసిన ఉపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ చేరామో ఆవిడ పేరు అచ్చులో వేయవద్దని వాళ్ళబ్బాయి కోరాడు. ఆవిడ ఉన్నప్పుడూ అంతే. పాతికేళ్ళకు పైగా ఎందరో కథానాయికలకు గొంతు ఇచ్చారు. తెర మీద ఆవిడ పేరు పడిన సినిమాలు మాత్రం తక్కువ. నేను సౌండ్ ఇంజనీరుని. అద్దానికి అవతల మైకు ముందు ఆవిడ, ఇవతల కన్సోల్ ముందు నేను. ఆ రోజుల్లో రీలుని ముక్కలు చేసి లూపులు కట్టి తిప్పేవాళ్ళం. ఒక్క ఏడుపు కోసం ఆవిడ ఇరవైసార్లు ఏడ్చేవారు. మధ్యలో గుక్కెడు మంచినీళ్ళు తాగి, "తమ్ముడూ, ఈసారి సరిపోయిందా?" అని అడిగేవారు. అలా అక్కయ్య అని పిలవడం అలవాటైంది. ఈ సాయంత్రం కూడా అలాగే అంటాను.

అక్కయ్య ఎలా బతికారో చెప్పడానికి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. ఆవిడ ఎలా వెళ్ళిపోయారో చెప్పడానికి నేను లేచాను. చివరి తొమ్మిది వారాలు ఆ ఇంటికి నేను వెళ్ళి వస్తూ ఉన్నాను. నన్ను అక్కడికి పంపింది స్నేహం ఒక్కటే కాదు. కొన్నేళ్ళుగా నేను నేర్చుకుంటున్న ఒక పని ఉంది. ప్రపంచంలో చాలాచోట్ల ఆ పనికి పేరుంది, మన దగ్గర లేదు. ఆ పని గురించే ఈ ఉపన్యాసం.

అంతకన్నా ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

ఈ ఊళ్ళోనే ఒక పెద్ద ఆసుపత్రి. అమ్మ పదహారు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. రోజుకొకసారి, ఒక్కరిని, ఐదు నిమిషాలు లోపలికి పంపేవారు. బయటికొచ్చి అడిగితే "ఇరవై నాలుగు గంటలు గడవాలి" అనేవారు. పదహారు రోజులూ అదే మాట. అమ్మ వెళ్ళిపోతోందని మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అడిగితే నిజమైపోతుందేమోనని భయం. నా వంతు వచ్చిన ప్రతిసారీ ఆ ఐదు నిమిషాలూ మానిటర్ మీద అంకెలు చదివాను. అమ్మ చెయ్యి పట్టుకోలేదు. ఒక్క మాట మాట్లాడలేదు. ఏం మాట్లాడినా వినిపించదు కదా అనుకున్నాను.

దహనం మా ఊళ్ళో చేశాం. ఊరికీ శ్మశానానికీ మధ్య పాడె కిందికి దింపారు. మీలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు తెలుసు, దాన్ని దింపుడు కళ్ళం అంటాం. పోయిన మనిషి చెవిలో కొడుకు మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉంటే పలుకుతారేమోనన్న ఆఖరి ఆశ. జరగదని తెలిసిన దాని మీద పెట్టుకునే ఆశని దింపుడు కళ్ళం ఆశ అనడం అలాగే వచ్చింది. నేను వంగాను. మూడుసార్లు పిలిచి ఊరుకోవాల్సింది, ఊరుకోలేకపోయాను. పదహారు రోజులూ చెప్పనివన్నీ, ఇరవయ్యేళ్ళుగా చెప్పనివన్నీ ఆ చెవిలో చెప్పాను. మా మేనమామ భుజం పట్టి లేపాడు. "అయిపోయిందిరా, లే" అన్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒక పరిశోధన గురించి చదివాను. కెనడాలో, వాంకూవర్ నగరంలో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు హాస్పీస్‌లో, అంటే చివరి రోజుల్లో ఉన్నవారిని చూసుకునే చోట, ఆఖరి దశలో ఉన్నవారి మీద చేసినది. 2020లో అచ్చయింది. పిలిచినా పలకని, కళ్ళు తెరవని స్థితికి చేరిన మనుషుల తలకి ఈఈజీ తీగలు అమర్చి స్వరాల వరుసలు వినిపించారు. వరుసలో స్వరం మారినప్పుడు, వాళ్ళలో కొందరి మెదళ్ళు ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ మెదళ్ళు స్పందించినట్టే స్పందించాయి. మాట అర్థమైందా, గొంతు గుర్తుపట్టారా అన్నది ఆ పరిశోధన తేల్చలేదు. కానీ చెవి పనిచేస్తోంది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బతుకంతా శబ్దంతో గడిపినవాణ్ణి, చెవి విలువ తెలిసినవాణ్ణి, మా అమ్మ చెవి వింటున్నప్పుడు నోరు మూసుకుని, వినడం ఆగిపోయాక మాట్లాడాను.

డౌలా అని గ్రీకు మాట ఒకటి ఉంది. సేవకురాలు అని అర్థం. అమెరికాలో ఆ మాటని బాలింతలకు తోడుండే ఆడవాళ్ళకు వాడటం మొదలైంది. ఆ తర్వాత కాన్పు గదిలో తల్లి చెయ్యి పట్టుకుని కూర్చునే మనిషికి ఆ పేరు స్థిరపడింది. 2003లో న్యూయార్క్‌లో హెన్రీ ఫెర్స్కో వైస్ అనే సామాజిక కార్యకర్తకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన హాస్పీస్‌లో పనిచేసేవారు. పుట్టేటప్పుడు ఇంత తోడుంటే, పోయేటప్పుడు ఎందుకు ఉండకూడదు అనుకున్నారు. ప్రసవ డౌలాల శిక్షణని ఆధారం చేసుకుని, చనిపోతున్నవారి దగ్గర కూర్చునేవాళ్ళను తయారుచేశారు. ఇప్పుడు అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో వీళ్ళు చాలామంది ఉన్నారు. కొందరు రుసుము తీసుకుంటారు, కొందరు ఊరికే చేస్తారు. వీళ్ళు డాక్టర్లు కారు, నర్సులు కారు. మందు ఇవ్వరు, సూది పొడవరు. చావుని తొందరపెట్టరు, ఆపుతామనీ చెప్పరు. ఉంటారు. పక్కన ఉంటారు. అదే వాళ్ళ పని.

మన భాషలో రావడానికి మంత్రసాని ఉంది. పోయాక కాటికాపరి ఉన్నాడు. ఆ రెండిటి మధ్య, పోతూ ఉన్న మనిషి పక్కన కూర్చునేవాళ్ళకు మాత్రం పేరు లేదు. పేరు లేకపోవడానికి కారణం ఒకటే అనుకుంటాను. ఆ పని ఇంట్లో అందరికీ వచ్చు. ప్రతి వీధిలోనూ ఒక పెద్దావిడ ఉండేది. కబురు వస్తే చేతిలో పని వదిలేసి వెళ్ళేది. పాదాలు తాకి చూసి "చల్లబడుతున్నాయి, అమ్మాయికి కబురు పంపండి" అనేది. మంచం మీంచి ఎప్పుడు నేల మీదికి దింపాలో, తులసి తీర్థం ఎంత పోయాలో, పిల్లల్ని ఎప్పుడు దగ్గరికి తీసుకురావాలో ఆవిడకి తెలుసు. చావు ఆసుపత్రికి మారిపోయింది. ఆవిడతోపాటే ఆ విద్యా పోయింది. ఇవాళ నలభై ఏళ్ళు వచ్చినా ఒక్క మనిషి ప్రాణం పోవడం కళ్ళారా చూడనివాళ్ళు మన మధ్య ఎంతమంది! సినిమాల్లో చూశాం, అంతే.

ఆ సినిమాల్లో మనమే చూపించాం కాబట్టి, ఆ సంగతి కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం.

1981లో ప్రేమాభిషేకం వచ్చింది. దాసరి నారాయణరావు గారి దర్శకత్వం, అక్కినేని నాగేశ్వరరావు గారు కథానాయకుడు. కథ మీ అందరికీ కంఠతా వచ్చు. తనకు క్యాన్సరని తెలియగానే హీరో ఆ నిజాన్ని ప్రేమించిన అమ్మాయికి చెప్పడు. తనని అసహ్యించుకుని దూరమైపోవాలని చెడ్డవాడిలా నటిస్తాడు. అది త్యాగమని జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నాను. ఆ సినిమా గొప్పదనాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ చావుబతుకుల్లో ఉన్న మనిషి ఆ నిజాన్ని దాచడమే ప్రేమ అని మన ఇళ్ళలో అప్పటికే ఉన్న నమ్మకాన్ని అది తెర ఎత్తున చూపించింది. "నాన్నకి చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేరు." రిపోర్టుల ఫైలు బీరువాలో బట్టల కింద ఉంటుంది. నాన్నకి అన్నీ తెలుసు. తనకు తెలుసని పిల్లలకు తెలియకూడదని నాన్న నటిస్తాడు. ఇంటిల్లిపాదీ నటిస్తారు. ఆ నటనలోనే ఆఖరి మూడు నెలలూ కరిగిపోతాయి.

అదే నాగేశ్వరరావు గారు, ముప్ఫై రెండేళ్ళ తర్వాత, 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి తనకు క్యాన్సరని తానే చెప్పారు. దాచలేదు, ఎవరిచేతా చెప్పించలేదు. అప్పటికి ఆయన మనం సినిమాలో కొడుకుతో, మనవడితో కలిసి నటిస్తున్నారు. జబ్బుతో ఉండగానే తన పాత్రకు తానే డబ్బింగ్ చెప్పుకున్నారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. సినిమా మే 23న వచ్చింది. థియేటర్లో ఆ గొంతు విన్నప్పుడు, మా వృత్తి వాళ్ళం, శ్వాస ఎక్కడ తీసుకున్నారో వింటాం. నేను విన్నాను. ఆ శ్వాసల గురించి ఇంకేం చెప్పలేను.

డౌలాలు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటుంది: మీరు ముగించాలనుకుంటున్న పని ఏదైనా ఉందా? ఒకరికి అది మనవరాలికి ఉత్తరం. ఒకరికి ఆవకాయ కొలతలు కోడలికి అప్పజెప్పడం. ఒకరికి పదేళ్ళుగా మాట్లాడని తమ్ముడికి ఫోను. నాగేశ్వరరావు గారికి తన గొంతు తానే ఇవ్వడం. ఆయన దగ్గర డౌలా అనే పేరుతో ఎవరూ లేరు, ఆ అవసరమూ రాలేదు. ఏం కావాలో ఆయనకు తెలుసు, అది జరిపించే కుటుంబం ఉంది, పక్కనే స్టూడియో ఉంది. ఆ మూడూ ఉన్నవాళ్ళు ఫిల్మ్ నగర్‌లో ఎందరు?

ఈ కొండ మీద బంగళాలున్నాయి. కింద బస్తీలున్నాయి. అటు కృష్ణానగర్‌లో ఒక్కో గదిలో నలుగురేసి జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, అసిస్టెంట్ డైరెక్టర్లు. ఒక పేరున్న మనిషి పోతే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. భౌతికకాయాన్ని ఫిల్మ్ ఛాంబర్‌కి తెస్తారు. పూలదండలు, కెమెరాలు, మైకులు. 2021 నవంబరు 30న పాటల రచయిత సీతారామశాస్త్రి గారు పోయినప్పుడు, మర్నాడు ఛాంబర్ దగ్గర ఎంత జనమో నా కళ్ళతో చూశాను. అక్కడి నుంచి మహాప్రస్థానం శ్మశానవాటిక దాకా అలాగే ఉంది. ఆ వీడ్కోలుకి ఆయన అర్హులు. ఆ కన్నీళ్ళలో ఒక్కటీ అబద్ధం కాదు. నాకున్న బాధ వేరే. నెలల తరబడి మంచాన పడిన మన తోటి మనిషి ఇంటికి మనం ఎన్నిసార్లు వెళ్ళాం? వెళితే ఏం మాట్లాడాలో తెలియదు. బత్తాయిల సంచీ, హార్లిక్స్ సీసా పట్టుకెళ్ళి, "ఏం కాదు సార్, తగ్గిపోతుంది, మళ్ళీ సెట్‌కి వస్తారు" అని పది నిమిషాల్లో లేచి వచ్చేస్తాం. మాట్లాడటం రాక వెళ్ళడం మానేస్తాం. పోయాక మాత్రం పరుగున వెళతాం. అప్పుడు ఏం మాట్లాడాలో అందరికీ తెలుసు.

పేరు లేని మనిషికి ఇంకో కష్టం ఉంది, ఇది చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. అద్దె ఇంట్లో చావకూడదు. ఈ నగరంలో ఎందరో ఇంటి యజమానులు శవాన్ని లోపలికి రానివ్వరు, అశుభమంటారు. ఆసుపత్రి నుంచి తెచ్చిన తల్లి దేహాన్ని రోడ్డు పక్కన టెంటు కింద పెట్టుకుని రాత్రంతా కూర్చున్న బిడ్డల వార్తలు మనం చదివాం. చనిపోతున్న జూనియర్ ఆర్టిస్టుకి నొప్పికన్నా పెద్ద భయం ఇదే. నన్నెక్కడ పెడతారు? ఆ ప్రశ్నకి మందు లేదు. నెల ముందే యజమానితో మాట్లాడి ఒప్పించే మనిషి కావాలి. నేను ముగ్గురు యజమానులతో మాట్లాడాను. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన దగ్గర ఓడిపోయాను. ఆయన ఇంట్లో అద్దెకున్న కుర్రాణ్ణి ఆఖరి వారం ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పీస్‌కి తీసుకెళ్ళాం.

స్పర్శ్ గురించి ఇక్కడున్న వాళ్ళందరికీ తెలియాలి. 2011లో రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ వాళ్ళు మొదలుపెట్టారు. జబ్బు నయమయ్యే దశ దాటిన క్యాన్సర్ రోగుల్ని చేర్చుకుంటారు. డబ్బు తీసుకోరు. ఫిల్మ్ నగర్ నుంచి కొద్ది దూరమే. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ డాక్టర్ గాయత్రీ పాలాట్ గారు ఏళ్ళ తరబడి పాలియేటివ్ వైద్యాన్ని, అంటే నొప్పినీ బాధనీ తగ్గించే వైద్యాన్ని, నిలబెట్టారు. పెయిన్ రిలీఫ్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ నర్సులు రోగుల ఇళ్ళకు కూడా వెళతారు. పుండు కడగడం, మార్ఫిన్ ఎలా వేయాలో భార్యకు నేర్పడం, వెళ్ళే ముందు కాసేపు కూర్చుని ఆ భార్య ఏడుపు వినడం. వాళ్ళని డౌలా అని ఎవరూ అనరు. నేను ఈ పనిలో ఓనమాలు దిద్దుకున్నది అలాంటి ఒక నర్సమ్మ వెనకాల సంచీ మోసుకు తిరుగుతూ.

మార్ఫిన్ అనగానే కొందరు ఉలిక్కిపడతారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడానికే భయపడిన కాలం ఒకటి నడిచింది. ఒక్కో సీసాకి అన్ని లైసెన్సులు. క్యాన్సర్ నొప్పితో లక్షలమంది అరుస్తూ పోయారు. 2014 ఫిబ్రవరిలో, నాగేశ్వరరావు గారు పోయిన మరుసటి నెలలో, పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. కేరళలో 1993లో కోళికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్ గారు, ఆయన మిత్రులు చిన్న క్లినిక్‌గా మొదలుపెట్టిన పాలియేటివ్ ఉద్యమం ఆ మార్పు కోసం ఏళ్ళ తరబడి పోరాడింది. వాళ్ళ బలం వాడల్లోని మామూలు మనుషులు. వారానికి రెండు గంటలు ఇచ్చి పొరుగింటి రోగిని చూసుకునే వాలంటీర్లు. మన దగ్గరా అది సాధ్యమే. ఇందులో నాకు సందేహం లేదు.

ఇంకో పేరు చెప్పాలి, అది ఈ నగరానిదే కాబట్టి. 2004లో హైదరాబాదులో వెంకటేశ్ అనే పాతికేళ్ళ చదరంగం ఆటగాడు కండరాలు క్షీణించే జబ్బుతో ఆఖరి దశలో ఉన్నాడు. తన అవయవాలు ఇంకొకరికి పనికొచ్చేలా తనను ముందే పోనివ్వమన్నాడు. తల్లి హైకోర్టు మెట్లెక్కింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులోనే అతను పోయాడు. 2022లో రేవతి గారి దర్శకత్వంలో వచ్చిన సలామ్ వెంకీ అతని కథే. చట్టం ఒప్పుకోవాలా వద్దా అని అప్పుడు దేశమంతా వాదించుకుంది. నాకు ఆ తల్లే గుర్తుంటుంది. నీకేం కావాలి నాన్నా అని అడిగింది. వినడానికి తల్లి గుండె ఒప్పుకోని జవాబు వచ్చింది. అయినా ఆ జవాబు పట్టుకుని వెళ్ళి కోర్టు గుమ్మంలో నిలబడింది. ఆవిడ అడిగింది ఇప్పటికీ మన చట్టంలో లేదు. కానీ 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ఇక కోలుకోలేని స్థితి వస్తే నన్ను యంత్రాల మీద ఉంచవద్దని మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చు. దాన్ని లివింగ్ విల్ అంటున్నారు. 2023 జనవరిలో ఆ పద్ధతిని తేలిక చేశారు. ఇద్దరు సాక్షుల సంతకాలు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. అమలుచేసే ముందు ఆసుపత్రిలో రెండు వైద్య బృందాలు చూసి ఒప్పుకోవాలి. నేను రాసిపెట్టుకున్నాను. మా అమ్మ రాసి ఉంటే ఆ పదహారు రోజుల్లో పదైనా మా ఇంట్లో గడిచేవి.

ఇక అక్కయ్య.

వాళ్ళబ్బాయి ఫోను చేసి "బాబాయ్, అమ్మకి ఇక మందులు పనిచేయవన్నారు, నువ్వు రా" అన్నాడు. వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పాడు, అమ్మకి తెలియదు అని. లోపలికి వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి అక్కయ్య నవ్వి, "వాడు నాకు తెలియదని చెప్పాడు కదూ?" అన్నారు. "ఎన్ని చావు సీన్లకు గొంతు ఇచ్చాను తమ్ముడూ. నా డైలాగు నాకు తెలియదా?" అన్నారు. ఆ సాయంత్రమే తల్లీకొడుకుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. టీ పొంగి స్టవ్వంతా పోయేదాకా వాళ్ళు మాట్లాడుకోలేదు. తర్వాత మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు.

ఆవిడ అడిగినవి మూడే. ఇంట్లోనే ఉండాలి. నొప్పి ఉండకూడదు. టీవీ కట్టేయాలి. నొప్పి సంగతి నర్సులు చూసుకున్నారు. రెండు రోజులకొకసారి వచ్చేవారు, మార్ఫిన్ మోతాదు సరిచేసేవారు. మిగతా పని మాది.

అన్నింటికన్నా కష్టం అన్నం దగ్గర వచ్చింది. మన ప్రేమంతా అన్నంలోనే ఉంది కదండీ. ఆరో వారం నుంచి ఆవిడకి ముద్ద దిగడం లేదు. కోడలు పెరుగన్నం మెత్తగా కలిపి "ఒక్క ముద్ద అత్తయ్యా" అని బతిమాలేది. దిగకపోతే ఏడ్చేది. బంధువులు వచ్చి, "కనీసం ఒక గ్లూకోజ్ బాటిల్ అయినా ఎక్కించకుండా ఇలా వదిలేశారేంటి?" అని నిలదీశారు. ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను. నర్సమ్మ నెమ్మదిగా చెప్పింది. తినకపోవడం వల్ల పోవడం లేదు, పోతున్నారు కాబట్టి తినడం లేదు. శరీరం మూతపడుతోంది, ఆకలి ఉండదు. ఇప్పుడు ఎక్కించే నీరు కాళ్ళలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరి ఆయాసం పెంచుతుంది. మరి మేం ఏం చేయాలి అని కోడలు అడిగింది. అక్కడే తోడుకొచ్చిన మనిషి పని మొదలవుతుంది. మెత్తటి గుడ్డ తడిపి పెదాలు తుడవడం నేర్పాం. నాలుక మీద ఒక చుక్క కొబ్బరినీళ్ళు. పెదాలకు కాస్త వెన్న. పొద్దునా సాయంత్రం అరికాళ్ళకు నూనె. ముద్ద కలిపిన చేతికి ఇంకో పని దొరికింది. ఆ అమ్మాయి ఏడుపు తగ్గింది.

ముందు ముందు ఏం జరుగుతుందో కూడా ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచాం. నిద్ర ఎక్కువవుతుంది. చేతులూ కాళ్ళూ చల్లబడతాయి. ఎప్పుడో పోయిన వాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడవచ్చు, భయపడకండి, కాదని వాదించకండి. శ్వాస లయ మారుతుంది. గబగబా తీసుకుని, నెమ్మదించి, అర నిమిషం ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. గొంతులో గరగర వినిపిస్తుంది. అది వినేవాళ్ళకు భయంకరం, ఆవిడకి బాధ ఉండకపోవచ్చు, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఇవి తెలిసిన ఇల్లు అర్ధరాత్రి అంబులెన్సుకి ఫోను చేయదు. తెలియని ఇల్లు చేస్తుంది. అక్కడి నుంచి మళ్ళీ ఐసీయూ, మళ్ళీ ఐదు నిమిషాలు. ఇంట్లోవాళ్ళ ఈ భయమూ ఆ నొప్పిలో భాగమే. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ స్థాపించిన సిసిలీ సాండర్స్, మరణించే మనిషి నొప్పి ఒంటిదే కాదని గుర్తించారు. మనసుది, సంసారానిది, నమ్మకానిది కూడా. ఆవిడ మొదట నర్సు, తర్వాత సామాజిక కార్యకర్త, ఆ తర్వాతే డాక్టరు. ఆ వరుసలో రావడం వల్లే అది ఆవిడకి కనిపించింది అనిపిస్తుంది నాకు.

మా సౌండువాళ్ళకి ఒక అలవాటు ఉంది. ఏ గదిలో షూటింగు చేసినా, చివర్లో అందర్నీ కదలకుండా నిలబెట్టి నిమిషం పాటు ఖాళీ గదిని రికార్డు చేస్తాం. రూమ్ టోన్ అంటాం. బయటివాళ్ళకి అది నిశ్శబ్దం. కానీ ఏ రెండు గదుల నిశ్శబ్దమూ ఒకటి కాదు. ఆఖరి రాత్రుల్లో అక్కయ్య మంచం పక్కన నేను చేసింది ఎక్కువగా అదే. ఫ్యాను చప్పుడు, దూరంగా వీధిలో ఆటో, ఆవిడ శ్వాస. ఏదో ఒకటి మాట్లాడి ఆ గదిని నింపాలనే ఆత్రం మొదట్లో నాకు ఉండేది. అది పోవడానికి చాలా ఇళ్ళు పట్టింది.

చివరి రాత్రి కొడుకుని పక్కన కూర్చోబెట్టాను. "పలకడం లేదు బాబాయ్" అన్నాడు. "పలకరు. వింటారు. చెప్పు" అన్నాను. మెల్బోర్న్‌లో ఉన్న కూతురు ఫోను చేసింది. ఫోను ఎంత దూరంలో పట్టుకోవాలో నాకు తెలుసు, ఆ ఒక్క విద్యా నాకు బాగా వచ్చు. స్పీకరు పెట్టకుండా చెవికి రెండు అంగుళాల దూరంలో పట్టుకున్నాను. నలభై నిమిషాలు. ఆ అమ్మాయి చిన్నప్పటి బడి సంగతులు చెప్పింది, ఏడ్చింది, ఏదో పాడింది. అక్కయ్య కనుబొమ మధ్య ముడి ఒకటి ఉండేది, అది విడిపోయింది. గొంతు వినే విడిపోయిందని నేను ప్రమాణం చేయలేను. చూసినది చెబుతున్నాను.

తెల్లవారుజామున నాలుగూ పదికి శ్వాస ఆగింది. మళ్ళీ మొదలవుతుందేమోనని అందరం ఎదురుచూశాం. మొదలవలేదు. ఎవరికీ ఫోను చేయవద్దని ముందే అనుకున్నాం. తెల్లారేదాకా ఆవిడ మా మనిషే, ఇంకా వార్త కాలేదు. కోడలు జుట్టు దువ్వి జడ వేసింది. నేత్రదానం చేస్తామని రాసి ఉంచారు కాబట్టి ఫ్యాను కట్టేసి, కళ్ళ మీద తడిగుడ్డ వేసి, ఆ ఒక్క ఫోను మాత్రం చేశాం. ఆరు గంటల్లోపు తీసుకోవాలి. చూస్తున్న డాక్టరు వచ్చి మరణ కారణం రాసిచ్చారు. ఇంట్లో పోతే సర్టిఫికెట్ ఎవరిస్తారు అన్న భయంతోనే చాలామంది ఆఖరి గంటలో ఆసుపత్రికి పరుగెడతారు. మందులిస్తున్న డాక్టరుతో ముందే మాట్లాడి ఉంచితే సరిపోతుంది. మరణాన్ని నమోదు చేయించడానికి 21 రోజుల గడువు ఉంటుంది.

మధ్యాహ్నం మహాప్రస్థానం గేటు దాటాక బండి ఆపి పాడె దింపారు. పంతులు గారు కొడుకుని పిలిచి, చెవిలో మూడుసార్లు పిలవమన్నారు. నేను వెనక నిలబడ్డాను. మా మేనమామ నన్ను లేపినట్టు ఇతన్ని లేపాల్సి వస్తుందేమోనని చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాను. అతను వంగాడు. "అమ్మా" అన్నాడు మెల్లగా. మూడుసార్లూ అంతే మెల్లగా. లేచి నిలబడి, భుజం మీద తుండు సర్దుకుని, పాడె కొమ్ము ఎత్తుకున్నాడు.

నిర్వాహకులు ఇచ్చిన సమయం దాటిపోయింది, క్షమించాలి. ఒక్క మాట. కృష్ణానగర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. నలభై ఏళ్ళు మన సినిమాల్లో గుంపులో నిలబడ్డారు. భార్య లేదు, కొడుకు దుబాయ్‌లో. నర్సు మంగళ, శుక్రవారాలు వస్తుంది. ఇంటి యజమాని ఒప్పుకున్నాడు. రాత్రి పది నుంచి రెండు దాకా నేను కూర్చుంటున్నాను. రెండు నుంచి ఆరు దాకా ఎవరూ లేరు. ఏ విద్యా రానక్కర్లేదు, ఏం చేయాలో నేను చెబుతాను. సభ అయ్యాక మెట్ల దగ్గర ఉంటాను.